గుమ్మడికాయకూ పట్టిన చెంబు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, మా వరుసలో కడుపునొప్పికి ఒకటే వైద్యం. బొడ్డు మీద పిండి ప్రమిద పెట్టి, వత్తి వెలిగించి, పైన ఇత్తడి చెంబు బోర్లిస్తారు. దీపం ఆరిపోతుంది, చెంబు కడుపును పట్టుకుంటుంది. పట్టిందంటే లోపల చెడ్డ వాయువు ఉన్నట్టే. ఇక డాక్టరు ఊసెత్తకూడదు.

నేను బీయస్సీ చదువుతున్న ఏడాది చెల్లికి కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. జ్వరం, వాంతులు. పక్క క్వార్టర్ పిన్ని వచ్చి చెంబు వేసింది, పట్టింది. వర్క్‌షాపు నుంచి భోజనానికి వచ్చిన నాన్నతో ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాను. ఆయన పిన్ని వైపు చూశారు.

"వాయువే బావా. సాయంత్రం ఇంకోపాలి ఏస్తాను. ఆస్పత్రికెళ్తే కోసీగలరు."

"ఎవరికేసినా పడతాది పిన్నీ. నాకు ఏ నొప్పీ లేదు, నాకెయ్యి" అని చాప మీద పడుకున్నాను. వేసింది. పట్టింది.

"సూసినారా, దీనికీ ఉన్నాది. ఆ నోరు సూస్తే తెలీడం లేదేటి."

నాన్న నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వంటింట్లోంచి గుమ్మడికాయ తెచ్చాను. చెంబు అంచు ఆనేచోట పిండి గుండ్రంగా పులిమి, మధ్యలో వత్తి వెలిగించి, చెంబు బోర్లించాను. కాసేపాగి చెంబు పైకెత్తితే కాయ కూడా లేచింది.

"ఇది ఏటి తిన్నాది పిన్నీ, వాయువు చెయ్యడానికి?"

"కాయకీ మనిషికీ సాపత్యమేటే" అంది పిన్ని.

నేను నాన్న వైపు తిరిగాను. "దీపం వేడికి చెంబులో గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతాది. దీపం ఆరినాక మిగిలిన గాలి సల్లబడతాది. చెంబు ముడుచుకోదు కదా, అందుకే లోపల ఒత్తిడి తగ్గిపోతాది. బయట గాలి నొక్కి పట్టుకుంటాది. అంతే నాన్నా. సెల్లి కడుపులో ఏటుందో చెంబుకి తెలీదు."

మోకాళ్లు ముడుచుకుని మూలుగుతున్న చెల్లి నుదుటి మీద నాన్న చెయ్యి వేసి చూశారు.

"ఠీక్ హై. రిక్షా పిలు."

అపెండిక్స్. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. చెల్లి కుట్లతో ఇంటికొచ్చాక పిన్ని పలకరించడానికి వచ్చి, సగం వాయువు తను ముందే లాగేసింది కాబట్టి కోత చిన్నదైందని అందరికీ చెప్పింది. అమ్మ తలూపింది. నేను ఊపలేదు, లాగేస్తే ఆ వాయువు ఎక్కడ దాచావని అడిగాను. పిన్ని విసురుగా లేచి వెళ్లిపోయింది.

"పెద్దోళ్ల దగ్గర కాస్త ఊరుకోవాలమ్మా" అన్నారు నాన్న.

"ఆ రోజు ఊరుకుంటే సరిపోయేదా?" అన్నాను.

ఆయన చెల్లికి గంజి కలిపి ఇచ్చారు.