అక్క చెవి మిషన్‌తో అడవికి

పొద్దున ఆరున్నరకే నేనూ, మా సుగుణక్కా నాంపల్లి స్టేషన్‌కు చేరాం. ఆబిడ్స్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. అంతలోనే అక్క రెండుసార్లు చెవి మిషన్ తీసేసింది. కొత్త మిషన్. పెట్టినప్పటి నుంచి ఆమెకు వినపడినవి హారన్లే. "గీ లొల్లి విననీకేనా పెట్టించినవ్? బీరువాల పడేస్త" అంటోంది. చర్చిలో ఏళ్ల తరబడి పాటలు పాడిన మనిషి. ముందు ప్రశాంతమైన చోట అలవాటు చేసుకోవాలనీ, లేకపోతే చాలామంది మూలన పడేస్తారనీ డాక్టరు చెప్పాడు. అందుకే వికారాబాద్ అడవికి ప్రయాణం. ఆదివారం ఆమె చర్చి మానదు కనుక శనివారం బయల్దేరాం.

ఏడు గంటల బండిలో కిటికీ పక్క సీట్లు దొరికాయి. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు తిన్నాం. కూరగాయలు అమ్ముకుని ఖాళీ బుట్టలతో ఊరికి తిరిగిపోతున్న ఒకామె, "అడవిల ఏముంటది సూడనీకి?" అని అడిగింది. ఏ చప్పుడూ లేకుంటే చాలన్నాను. ఆమె నవ్వింది.

వికారాబాద్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని తొమ్మిదిన్నరకు అడవి గేటు దగ్గర దిగాం. కాపలా మనిషి సంచి వెతికి ప్లాస్టిక్ కవర్లు తీయించాడు. మంచిదే అనుకున్నాను. నాలుగడుగులు లోపలికి వేశామో లేదో, సూట్‌కేసంత స్పీకరు, దాని చుట్టూ పదిమంది గంతులు. అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆపమని అడిగితే, అడవి నీ ఒక్కదానిదా అన్నారు. గేటు దగ్గరికి వెళ్లి కాపలా మనిషిని నిలదీశాను.

"సీసాలు పట్టుమన్నరు, పడుతున్నం. పాటలు పట్టుమని ఎవ్వరు చెప్పలేదు మేడం" అన్నాడతను.

అతన్ని తిట్టి ఏం లాభం? చేతికి దొరికితేనే చెత్త అని రూలు రాసిపెట్టినవాళ్లను తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. సరిగ్గా అప్పుడే పాట మారుతోంది. ఆ సందులో అక్క ఒక అడుగు వేసి ఆగిపోయింది. మళ్లీ అదే కాలు ఎత్తి ఎండుటాకుల మీద మెల్లగా పెట్టింది.

"గిది నా కాలి సప్పుడేనా?" అంది.

ఔనన్నాను. మూడోసారి కాలు ఎత్తేలోపే ఇంకో పాట మొదలైంది. అక్క మిషన్ తీసి, డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. ఆ తర్వాత గంటసేపు తిరిగాం. ఏ దారిన పోయినా ఏదో ఒక స్పీకరు వినపడుతూనే ఉంది.

వెళ్లాలనుకునేవారికి చెబుతున్నాను. దారి బాగుంది, నీడ ఉంది, ఆటోలకు కరువు లేదు. నిశ్శబ్దం కోసమైతే మాత్రం వెళ్లకండి. దాన్ని మనవాళ్లు ఎప్పుడో తొక్కేశారు. సిగ్గులేని జనం మనం.

మధ్యాహ్నం బండెక్కాం. నాంపల్లికి కాస్త ముందు సిగ్నల్ లేక బండి ఆగింది. పెట్టెలో అందరూ కునుకు తీస్తున్నారు, ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి. రోజంతా వెతికిన నిశ్శబ్దం అక్కడ దొరికింది. అప్పుడు నా సంచిలోంచి సన్నగా ఈల వినపడింది. స్విచ్చి ఆపకుండా డబ్బాలో మూసిపెడితే ఆ మిషన్ అలా ఈల వేస్తుంది.

అక్క భుజం తట్టి, ఇప్పుడు పెట్టుకోమని డబ్బా చూపించాను. వద్దన్నట్టు తల ఊపి కిటికీ వైపు తిరిగింది. బండి కదలకముందే మిషన్ నేనే ఆపేశాను.