కూల్చేస్తామన్న ఊళ్ళో ఎస్తర్

స్కార్త్‌హోప్ ఊరిని దాని చావు చావనివ్వాలని కౌన్సిల్ తీర్మానించిన ఏడాదే ఎస్తర్ నాట్రస్‌కి రెండో కొడుకు పుట్టాడు. ఇంగ్లండ్ ఉత్తరాన డర్హమ్ జిల్లాలో బొగ్గు తరిగిపోతున్న చాలా ఊళ్ళకి అప్పట్లో అదే శిక్ష. కొత్త ఇల్లు కట్టనివ్వరు, పాతదాన్ని బాగుచేయనివ్వరు, ఖాళీ అయినదాన్ని నేలమట్టం చేస్తారు.

ఎస్తర్ ఇంట్లో స్నానమంటే వంటింటి పొయ్యి ముందు రేకుతొట్టే. గని నుంచి వచ్చిన భర్త విల్ఫ్ వీపు రుద్ది రుద్ది ఆమె చేతుల గీతల్లో నలుపు దిగిపోయింది. స్నానాలగది కావాలని అర్జీ పెడితే ఒక అధికారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్త టౌన్‌కి వెళ్ళిపోండమ్మా. వేడినీళ్ళ గొట్టాలున్న ఇల్లిస్తాం."

"ఆ గొట్టాలేవో ఇక్కడే వేయండి."

"ఈ ఊరు ఇంకో పదేళ్ళు కూడా ఉండదు."

"అయితే పదేళ్ళూ స్నానం మానేయమంటారా?"

ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత గని మూతపడింది. మగవాళ్ళు దక్షిణాన నాటింగ్‌హామ్ గనులకి కదిలారు. ఒక కుటుంబం వెళ్ళిందంటే పొయ్యి చల్లారకముందే కౌన్సిల్ లారీ వచ్చి కప్పు పీకేసేది. పక్కింటి మిన్నీ కూడా సామాను కట్టింది.

"నువ్వూ వచ్చెయ్యవే మొండిదానా. ఎవర్ని ఉద్ధరిద్దామని ఇక్కడ?"

"మనిద్దరికీ ఒకటే గోడ. నీ ఇల్లు పడగొడితే చలీ వానా అంతా నాకే కదే."

మిన్నీ కళ్ళు తుడుచుకుంటూనే వెళ్ళింది. ఆ శీతాకాలం నాట్రస్ వాళ్ళ పడగ్గది గోడ నిలువునా చెమ్మగిల్లింది.

కౌన్సిల్ కన్నా విల్ఫ్ మీదే ఆమెకి ఎక్కువ మండేది. పని పోయాక అతను కూరగాయల పోటీకి పెట్టే, లావుపాటి ఉల్లికాడల్లాంటి లీకు కాడలు పెంచుతూ తోటలోనే ఉండిపోయాడు.

"ఊరు కూల్చొద్దని పెట్టిన మీటింగుకి రమ్మంటే మళ్ళీ ఆ కాడల దగ్గరేనా?"

"వీటికి తీర్మానాలు చదవడం రాదే. పెరుగుతున్నాయి, పాపం."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని పళ్ళెం గట్టిగా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి పేరుకుని విల్ఫ్ పోయాడు. అతను పోయాక కౌన్సిల్ తీర్మానాన్ని రద్దు చేసింది. పనివాళ్ళు వచ్చి గులాబీరంగు తొట్టి బిగించి, కుళాయి తిప్పి చూపించారు. పొగలు కక్కే నీళ్ళు. ఎస్తర్ తొట్టి అంచున కూర్చుంది.

"ఇప్పుడా," అంది ఎవరినీ చూడకుండా. ఆ రోజు అందులో దిగబుద్ధి కాలేదు. నీళ్ళన్నీ వదిలేసి, ఆ రాత్రి కూడా వంటింట్లోనే ఒళ్ళు తుడుచుకుంది.

కూల్చిన ఇళ్ళ వరుసల్లో చెట్లు నాటారు. మిగిలిన ఇళ్ళని న్యూకాసిల్ నగరం వాళ్ళు కొనుక్కున్నారు. కూలకుండా మిగిలిన అవతలి పక్కింట్లో చేరిన కుర్ర మాస్టారు కాలిన్ ఓ సాయంత్రం అన్నాడు: "ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇక్కడ."

"నాలుగు వరుసల జనాన్ని తరిమేస్తే ఎక్కడైనా ఇంతే బాబూ."

అతను ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆ ఏడాదే ఊరికి బస్సు ఆపేశారు. ఎస్తర్ మంచి కోటు వేసుకుని అతని తలుపు కొట్టింది.

"బస్సు గురించి కౌన్సిల్‌తో పోట్లాడాలి. వెళ్ళడానికి బస్సు లేదు. నీ కారు తియ్యి."

దారి పొడుగునా ఆమె కౌన్సిల్‌ని తిడుతూనే ఉంది. ఆఫీసులో వచ్చే నెల రమ్మన్నారు. "అప్పుడూ నీ కారే బాబూ," అంది ఎస్తర్ కాలిన్‌తో.