నీడలో కొలిచిన ఎండ

మిరపకాయకు తొడిమ తీస్తుంటే గోటి సందున మంట పుడుతుంది. ఎన్నేళ్ళు చేసినా ఆ మంట కొత్తగానే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఇంటికి కావలసిన కాయలు బాగుచేసుకుంటున్నాను. లోపల టీవీలో ఒకమ్మాయి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ నెల ఎండలు సాధారణం కంటే ఎక్కువని చెప్పింది. ఆ ‘సాధారణం’ చెవిన పడగానే సువార్తమ్మ టీచరుగారు కళ్ళముందు నిలబడ్డారు.

ఆవిడ మా పేటలో చర్చి పక్క బడిలో పాఠాలు చెప్పేవారు. తెల్ల చీర, నల్ల గొడుగు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే ఎనభైలలో, సాయంత్రం పనులనుంచి వచ్చి ఆవిడ వాకిట్లో కూర్చుని రేడియో వినేవాళ్ళం. ఒకరోజు రేడియోలో, మన జిల్లాలో ఏప్రిల్ వాన సాధారణం కంటే ఎక్కువ అన్నారు. నాది వానాకాలం చదువు. ఒంగోలు కంటే ఎక్కువ, కనిగిరి కంటే ఎక్కువ అన్నట్టు వినపడింది నాకు.

“టీచరుగారూ, ఈ సాధారణం ఏ ఊరి పక్కనండీ?” అని అడిగేశాను.

వాకిలంతా ఒకటే నవ్వు. టీచరుగారు మాత్రం నవ్వలేదు. “మంచిమాటే అడిగింది, ఊరుకోండి. చాలా ఏళ్ళ వానలన్నీ కలిపి, అన్నేళ్ళకీ సమానంగా పంచితే వచ్చేదే సాధారణం. చూడు మరియా, మీ అత్త పులుసులో ఒకరోజు ఉప్పెక్కువ, ఒకరోజు చప్పన. మొత్తమ్మీద ఎలా ఉంటుందంటే, పరవాలేదంటావా లేదా? అదీ సాధారణం. ఏ పూటా నీ కంచంలో పడేది మాత్రం అది కాదు.”

“మధ్యలో నా పులుసేం చేసిందమ్మా?” అంది మా అత్త.

నిజంగానే ఆ ఏప్రిల్ వాన అలాంటిదే. నెలంతా చుక్క లేదు. ఒక్క సాయంత్రం కుమ్మేసి పోయింది. మేం పనికి వెళ్ళే రైతు వెంకయ్యగారి కల్లంలో ఆరబోసిన మిరపకాయ తడిసి, కొంత తెల్లబారి తాలైపోయింది. తాలు కలిసిన సరుకును మిర్చి యార్డులో ఎవరూ ముట్టరు. అందుకని మే నెలలో మమ్మల్ని తాలు ఏరడానికి పిలిచారు. మళ్ళీ మబ్బు పట్టేలోగా ముగించాలని ఆయన కంగారు. ఏడాది కష్టం అలా నేలమీద పరిచి ఉంటే ఎవరికి మాత్రం కంటిమీద కునుకు పడుతుంది? నాకప్పుడు ఏడో నెల.

ఏరిన మంచికాయ రంగు వెలిసిపోకుండా దానిమీద తాటాకు పందిరి వేయించారాయన. మేమేమో ఎండలో. అందులో తప్పుందని మాకూ తోచలేదు. కాయకు నీడ కావాలి, అది అందరికీ తెలిసిందే.

మధ్యాహ్నానికి నాకు కళ్ళు చీకట్లు కమ్మాయి. గంప దొర్లిపోయింది, నేనూ ఒరిగిపోయాను. మా అత్త నీళ్ళు చల్లుతూ, “అయ్యా, కడుపుతో ఉన్న పిల్లండీ, ఏమన్నా అయితే ఎలాగండీ?” అని ఏడ్చింది.

“కాసేపు కూర్చోబెట్టవే. సాధారణం కంటే రెండు డిగ్రీలే ఎక్కువని పొద్దున రేడియోలో కూడా చెప్పారు. రెండు డిగ్రీలకే ఇంత గోలా!” అన్నారు వెంకయ్యగారు.

కేక విని, దారిన పోతున్న టీచరుగారు గొడుగుతో కల్లంలోకి వచ్చారు. నన్ను పందిరి కింద పడుకోబెట్టించి ఆయనవైపు తిరిగారు.

“ఆ డిగ్రీలు ఎక్కడ కొలుస్తారో తెలుసా వెంకయ్యగారూ? నీడలో. ఎండ తగిలితే లెక్క తప్పుతుందని, ఆ పాదరసం గొట్టానికి కూడా గాలాడే పెట్టె చేసి నీడ ఇస్తారు. వీళ్ళకేం ఇచ్చారు?”

“సరుకు పోతే నేను పోతానండీ. మళ్ళీ వానొస్తే?”

“వస్తే నేనూ వచ్చి కాయమీద కప్పే పట్టా పట్టుకుంటాను.”

అలా అని గొడుగు ముడిచి, నేను ఒరిగిపోయిన చోట ఎండలో కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టారు.

“అయ్యో, లేవండి టీచరుగారూ! మా పిల్లలకి చదువు చెప్పినవారు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

“ఆ రెండు డిగ్రీలు ఎంతుంటాయో చూసి లేస్తాను.”

ఆవిడకు ఆ పని బొత్తిగా రాదు. చూసి చూసి మా అత్త, “అమ్మా, అది మంచికాయ. తాల్లో వేస్తున్నారు” అంది. వెంకయ్యగారు తల పట్టుకున్నారు. “ముందు ఆవిణ్ణి లేపండర్రా! కాయమీద పట్టా కప్పి, మీరంతా పందిరి కిందికి పోండి. లేకపోతే నా పంటంతా తాలు చేసేట్టున్నారు!”

అందరికంటే గట్టిగా నవ్వింది టీచరుగారే.

పని ముగిసే రోజు మబ్బు పట్టింది. ఆవిడ అన్న మాట ప్రకారం వచ్చి, వెంకయ్యగారికి ఎదురుగా పట్టా అంచు పట్టుకుని నిలబడ్డారు. నాలుగు చినుకులు రాలి మబ్బు వెళ్ళిపోయింది. పత్తి విత్తే రోజుల్లో నాకు కూతురు పుట్టింది.

టీచరుగారు పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరైనా ఎండ ఇంతని చెబితే నా చూపు వీధిలోకి పోతుంది, నీడ లేనిది ఎవరికోనని. మొన్న టీవీలో ఆ అమ్మాయి చెబుతుండగానే చూశాను. కొళాయి గొట్టాల కోసం మా వీధి తవ్వుతున్నారు. ఒకామె తట్ట దించి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

చేతులు కడుక్కుని, “ఏమ్మా, ఇటొచ్చి వసారాలో కూర్చో!” అని కేకేశాను.