మేరీమాత బల్బు

ఆటోనగర్‌లో శౌరయ్య వేసిన జాయింటు ఊడిందంటే అది వార్త. లారీ చక్రం ఊడొచ్చు, ఓనరు పంచె ఊడొచ్చు గానీ, శౌరయ్య అతికిన వైరు మాత్రం బండి తుక్కు కింద పోయేదాకా ఊడదని బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ దాకా డ్రైవర్లంతా ఒప్పుకున్న మాట. ఆ మాట మనవాడి తలకి బాగా ఎక్కింది. నలభై దాటినా పెళ్ళి లేదు, సొంత కొంప లేదు, నెత్తిన జుట్టు కూడా సగం దాకా సెలవు తీసుకుంది. మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని చూసుకునే వీధిలో ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

అతని పద్ధతే వేరు. మిగతా షాపుల వాళ్ళు కొత్తగా హారనో లైటో పెట్టాలంటే పాత వైరుని కసుక్కున కత్తిరించి, కొసలన్నీ కలిపి మెలేసి, పైన ఇంత టేపు చుట్టి "అయిపోయిందండీ" అనేవాళ్ళు. అది చూస్తే శౌరయ్యకి ఒళ్ళు మండిపోయేది. "నిక్షేపంలాంటి వైరుని కోస్తావేంట్రా సన్నాసీ, నీ నరం కోసి ముడేస్తే ఊరుకుంటావా" అని పక్క షాపులోకి వెళ్ళి మరీ తిట్టొచ్చేవాడు. అతను వైరుని కోసేవాడు కాదు. మధ్యలో గోరంత మేర పైతొడుగు మాత్రం ఒలిచేవాడు. లోపలి రాగి పోగుల్ని దబ్బనంతో రెండు పాయలు చేసి, ఆ సందులోంచి కొత్త వైరు దూర్చి, దాని పోగులు సగం ఇటూ సగం అటూ బిగించి చుట్టేవాడు. కుంపట్లో కాల్చిన కడ్డీకి గుగ్గిలం అద్ది, టంకం కరిగించి పోగుల్లోకి దించేవాడు. ఆరాక నల్ల టేపు, దాని మీద మైనం పట్టించిన దారం. ఆ గుగ్గిలం పొగలో నానీ నానీ అతని చొక్కాలన్నీ సాంబ్రాణి వాసన కొట్టేవి.

"గుడి మొహం చూడవు గానీ గుడి వాసన మాత్రం నీ దగ్గరే ఉందయ్యా" అనేవాడు పక్కనున్న బ్యాటరీ షాపు వెంకటకృష్ణారావు.

నిజమే. శౌరయ్య పుట్టు కేథలిక్కే. కాకపోతే క్రిస్మస్‌కీ గుణదల కొండ మీది మేరీమాత తిరనాళ్ళకీ తప్ప దేవుణ్ణి ఇబ్బంది పెట్టే అలవాటు లేదు. అలాంటివాడి చేతి మీదుగా కృష్ణా జిల్లాలో సగం మంది దేవుళ్ళు వెలిగారు. అప్పట్లో టాక్సీ కొన్నవాడు మొదట చేయించేది దేవుడి బల్బు. స్టీరింగు పక్కన బల్ల మీద చిన్న విగ్రహం, దాని ముందు శనగ్గింజంత బల్బు. ఆ బల్బుకి కరెంటు బ్రేకు లైటు వైరు నుంచి లాగాలి. డ్రైవరు బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైటూ, ముందు దేవుడూ ఒకేసారి వెలుగుతారు. దేవుణ్ణి పోయి పోయి బ్రేకుకే ఎందుకు కలపాలని ఎవడూ అడగలేదు. బ్రేకు తొక్కేటప్పుడే కదా ఎవడికైనా దేవుడు గుర్తొచ్చేది. కనకదుర్గమ్మకీ, మంగళగిరి నరసింహస్వామికీ, యేసుప్రభువుకీ శౌరయ్య ఒకటే జాయింటు వేసేవాడు. పక్షపాతం లేదు.

మేరీమాత ముందు ఆ బల్బు పెట్టించడానికే అమలమ్మ వచ్చింది.

మైలవరం వైపు మనిషి. మొగుడు కామెర్లతో పోతూ ఒక అంబాసిడర్ టాక్సీ మిగిల్చి పోయాడు. అమ్మేయమని అందరూ సలహా ఇచ్చారు. వాళ్ళందరి మాటా విని, కాఫీ ఇచ్చి పంపించి, తమ్ముడు లాజరుని డ్రైవరుగా కూర్చోబెట్టింది. మెకానిక్కుల్ని ఒక్కణ్ణి కూడా నమ్మేది కాదు. బండి షాపుకి వెళ్తే తనూ వెళ్ళి, స్టూలు వేసుకుని, పని అయ్యేదాకా కదిలేది కాదు. ఆ రోజూ అలాగే కూర్చుంది. అక్కడెందుకు ఒలిచారు, పోగులు అలా ఎందుకు విడదీశారు, అంత దారం ఎందుకు అని ఒక్కొక్కటీ అడిగింది. ఇన్నేళ్ళలో శౌరయ్య జాయింటుని మొదటి నుంచి చివరి దాకా కళ్ళప్పగించి చూసిన మనిషి ఆవిడే. పనయ్యాక లేచొచ్చి వైరుని రెండు చేతులతో పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. రాలేదు.

"బాగుందండీ" అంది.

అంతే. మనవాడి పని అయిపోయింది.

ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. జాయింటు గట్టిగా ఉంటే బండి మళ్ళీ రాదు. బండి రాకపోతే అమలమ్మ రాదు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, ఆ టాక్సీ ఆటోనగర్ వైపు తొంగి చూడలేదు. చివరికి దసరా ముందు హారను బొంగురుపోయిందని తీసుకొచ్చారు. శౌరయ్య స్టీరింగు కిందికి దూరి హారను బాగుచేశాడు. చేసి, అమలమ్మ మంచినీళ్ళకని టీకొట్టు దాకా వెళ్ళొచ్చేలోగా, ఏ పాపిష్ఠి బుద్ధి పుట్టిందో, మేరీమాత బల్బు జాయింటు తనే విప్పేశాడు. టంకం లేదు, దారం లేదు. ఏ పనికైతే పక్క షాపు వాళ్ళని నానా తిట్లూ తిట్టేవాడో అదే చేశాడు. ఉత్తినే మెలేసి టేపు చుట్టాడు. గతుకుల రోడ్డు మీద కొన్నాళ్ళకి అదే ఊడుతుంది. వెనక లైటుకేం కాదు, ఆరేది మాత ఒక్కతే. పాపం ఆవిడ ఇంతకంటే కష్టాలు చూసింది, కాసేపు చీకట్లో ఉంటే అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాడు.

అనుకున్నట్టే ఊడింది. అమలమ్మ పరుగున వచ్చింది. "మాత ఆరిపోయిందండీ శౌరయ్యగారూ" అంది, ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినంత కంగారుగా. శౌరయ్య స్టీరింగు కింద ఆవిడకి కనపడకుండా మళ్ళీ మెలేశాడు; నమ్మకం కుదిరి ఆవిడ లాగి చూడడం మానేసింది. మళ్ళీ ఊడింది. అలా వస్తూ వస్తూ ఒకసారి మజ్జిగ తెచ్చింది, ఇంకోసారి బొమ్మిడాయల పులుసు తెచ్చింది. పని గోరంత, కబుర్లు కొండంత. మొగుడి గురించి, మండిపోతున్న పెట్రోలు ధర గురించి, లాజరు బద్ధకం గురించి ఆవిడ చెప్తుంటే శౌరయ్య కాలని కడ్డీ పట్టుకుని అలా వింటూ ఉండేవాడు.

వెంకటకృష్ణారావు కళ్ళు మూసుకుని బ్యాటరీలు అమ్మేవాడు కాదు.

"నీ జాయింటు ఊడటమేంటయ్యా? అదీ ఆ ఒక్క బండిలో. ఎందుకొచ్చిన వేషాలు, ఆవిణ్ణి అడిగెయ్యి."

"కాదంటే?"

"కాదంటే ఇప్పుడున్నట్టే ఉంటావు."

"ఎక్కడుంటానండీ. ఇప్పుడైతే వస్తోందిగా. అడిగి కాదనిపించుకుంటే ఇక రాదు."

శౌరయ్య ఏళ్ళ తరబడి హోటలు భోజనం తిని, పటమటలో ఎవరూ ఎదురుచూడని గదికి వెళ్ళి పడుకున్నవాడు. ఆ పులుసు గిన్నె మీద మూత తీసినప్పుడు వచ్చిన ఆవిరి అతనికి కళ్ళల్లో నీళ్ళు తెప్పించిందంటే నవ్వకండి. కారం ఎక్కువైందండీ అని అబద్ధమాడాడు.

ఫిబ్రవరిలో గుణదల తిరనాళ్ళు వచ్చాయి. టాక్సీలకి ఊపిరాడని రోజులు. అప్పటికి ఆ టేపు కింద మెలిక మళ్ళీ వదులైంది. ఈసారి వైరు ఊడి ఊరుకోలేదు. సగం ఊడి, సగం బ్రేకు వైరుకే పట్టుకుని వేలాడుతూ, పైతొడుగు లేని కొస వెళ్ళి బండి ఇనుముకి తగిలింది. ఫ్యూజు కాలిపోయింది. ఆ ఫ్యూజు మీదే బ్రేకు లైట్లు కూడా ఉన్నాయి. ముందు మాతా ఆరిపోయింది, వెనక ఎర్ర లైటూ ఆరిపోయింది. కొండ దగ్గర జనం అడ్డమొస్తే లాజరు బ్రేకు కొట్టాడు. వెనక ఊక లోడు లారీ వాడికి ఆ సంగతి తెలియదు. వచ్చి గుద్దేశాడు.

వెనక సీట్లో ముసలమ్మలు భయపడి కేకలు పెట్టారు గానీ ఎవరికీ ఏమీ కాలేదు. డిక్కీ అప్పడంలా నలిగింది. లాజరు నుదురు స్టీరింగుకి కొట్టుకుని చిట్లింది. తాడు కట్టి లాక్కుంటూ టాక్సీని శౌరయ్య షాపు ముందుకే తెచ్చారు. ముందు సీట్లో అమలమ్మ, తలకి కట్టుతో లాజరు.

శౌరయ్య కిందికి దూరాడు. వేలాడుతున్న కొస నల్లగా మాడి కనిపించింది. దాన్ని కట్టరుతో కత్తిరించి జేబులో వేసుకుంటే సరిపోయేది. పాత ఫ్యూజండీ, కాలం తీరింది అంటే బెజవాడలో అతని మాట కాదనేవాడు లేడు. కట్టరు దాకా చెయ్యి వెళ్ళింది కూడా. కానీ అక్కడి నుంచి చూస్తే లాజరు కట్టుకి అంటిన నెత్తురు కనపడుతోంది. తన మీద తనకే అసహ్యం వేసింది. బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఇది నేను చేసిందండీ."

"మీరు చేసిందే కదా. ఇంకొకణ్ణి ముట్టుకోనిచ్చానా?" అంది అమలమ్మ.

"అది కాదండీ. ఊడాలనే చేశాను. ప్రతిసారీ."

"ఎందుకు?"

శౌరయ్య చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మీరొస్తారని."

వీధి వీధంతా విన్నది. వెంకటకృష్ణారావు బ్యాటరీలో పోస్తున్న నీళ్ళు పొంగి చెప్పుల మీద పడ్డాయి. ముందుగా నోరు తెరిచింది లాజరు. "ఏందన్నా ఇది, అక్కని చూడాలంటే నా బుర్ర పగలాలా? నాతో అంటే ప్రతి ఆదివారం నేనే తీసుకొచ్చి దింపేవాణ్ణిగా."

అమలమ్మ నవ్వలేదు. అప్పటిదాకా మీరు, గారు అన్న మనిషి ఆ రెండూ అవతల పారేసింది. "ఈ బండే నాకు తిండి. ఇందులో ఎక్కేది ఎవరో ఒకరి తల్లి, ఎవరో ఒకరి బిడ్డ. నిన్ను నమ్మి ఎక్కిస్తున్నాను. నీకు నేను కావాలంటే దేవుడు నోరివ్వలేదా? మాత దీపం ఆర్పుకోవాలా, సిగ్గు లేదూ?"

"తప్పయిపోయిందండీ. మీరంటే నాకు ప్రాణం. అడిగితే రావడం మానేస్తారని భయపడ్డాను."

"అతుకు" అంది. "నా ఎదురుగా. ఇంక ఊడకూడదు."

అతికాడు. ఒలవడం, పాయలు తీయడం, టంకం, టేపు, దారం. ఏ పనీ అంత జాగ్రత్తగా చేసి ఉండడు, ఏ పనీ అంత ఏడుపుగా చేసి ఉండడు. ఈ జాయింటుతో ఆవిడ మళ్ళీ రావలసిన అవసరాన్ని తన చేత్తో తనే తీసేస్తున్నాడు. అమలమ్మ ఒక కాలు బండికి తన్నిపెట్టి వైరుని లాగింది. రాలేదు. ఈసారి బాగుందనలేదు. బండెక్కి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు. డిక్కీ సొట్టలు ఇంకెక్కడో తీయించింది. శౌరయ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం మానేశాడు. వచ్చిన డ్రైవర్లని కసురుకున్నాడు. బందరు రోడ్డులో ఒకసారి ఆ టాక్సీ ఎదురైంది. లాజరు బ్రేకు తొక్కాడు, అద్దం వెనక మాత నీలంగా వెలిగింది. అంత గట్టిగా అతికినందుకు శౌరయ్య తన చేతుల్ని తనే తిట్టుకున్నాడు. వారం తర్వాత లాజరు టీకొట్టు దగ్గర దొరికితే సిగ్గు విడిచి అడిగాడు.

"మీ అక్క ఏమన్నా అందా?"

"ఏమీ అనలేదన్నా. తపస్సు కాలం కదా, ఈస్టర్ దాకా శుక్రవారాలు ఉపవాసాలుంటోంది."

శౌరయ్య పోయిన ఆశకి ఇంకోసారి నీళ్ళు వదులుకున్నాడు.

ఈస్టర్, అదే పాస్కా పండుగ, వెళ్ళాక లాజరే షాపుకి వచ్చాడు. "ఆదివారం పూజకి నిన్ను గుడికి రమ్మంది అక్క. ఫాదర్‌గారు కూడా చెప్పమన్నారు."

"మైకు పాడైందా?"

లాజరు గడ్డం గోక్కున్నాడు. "రా అన్నా. వచ్చాక నువ్వే చూసుకుందువు."

మైకు కోసమైనా సరే, ఆవిడ పిలిచింది. శౌరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనిసామాన్ల సంచీ చంకన పెట్టుకుని వెళ్ళి గుడిలో వెనక చాప మీద కూర్చున్నాడు. మైకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ప్రసంగం సాంతం వినబడడమే అందుకు సాక్ష్యం. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో అమలమ్మ ముసుగు కప్పుకుని కూర్చుని ఉంది. పూజ చివర్లో ఫాదర్‌గారు ఒక కాగితం తీశారు.

కేథలిక్కుల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో చాటింపు వెయ్యాలి. తపస్సు కాలంలో పెళ్ళిళ్ళూ ఉండవు, చాటింపులూ ఉండవు. ఎంత తొందరున్నా పాస్కా దాకా నోరు కట్టుకుని ఆగాలి. చిన్నపిల్లలకి కూడా తెలిసిన ఈ సంగతి గుడి మొహం చూడని శౌరయ్యకి తట్టనే లేదు.

"పటమట వాస్తవ్యుడు శౌరయ్యకీ, మైలవరం వాస్తవ్యురాలు అమలమ్మకీ వివాహం నిశ్చయమైంది. ఇది మొదటి చాటింపు. దీనికి అడ్డు ఏదైనా ఉన్నట్టు తెలిసినవాళ్ళు చెప్పవలెను."

శౌరయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. సంచీ జారి పట్టకార్లూ కడ్డీలూ గచ్చు మీద గణగణా దొర్లాయి. గుడి గుడంతా వెనక్కి తిరిగింది.

ఫాదర్‌గారు కళ్ళజోడు దించి చూశారు. "ఏమయ్యా శౌరయ్యా, నీ పెళ్ళికి నీకే అభ్యంతరమా?"

"నన్నెవరూ అడగలేదు ఫాదర్."

"నువ్వు ఒప్పుకున్నావని అమలమ్మ చెప్పిందే."

అమలమ్మ తల తిప్పలేదు. "ఆటోనగర్ అంతా వినేటట్టు ఒప్పుకున్నాడు ఫాదర్. మా తమ్ముడి తలకి కుట్లు కూడా పడ్డాయి."

జనం పకపకా నవ్వారు. ఫాదర్‌గారికీ నవ్వొచ్చింది గానీ కాగితం అడ్డం పెట్టుకున్నారు. "సరే, ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఉందా, లేదా?"

"లేదండీ" అన్నాడు శౌరయ్య. "మిగతా రెండు ఆదివారాలవి కూడా ఇవాళే చదివెయ్యండి ఫాదర్."