తెల్ల వైనూ, తడి గోనె వాసనా

గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి పరిచిన గోనెపట్టా నాలుగు రోజుల ముసురుకి మళ్లీ కంపు కొడుతోంది. రంగూనులో ఈ వానలు మొదలైతే ఏదీ ఆరి చావదు. తీసి పారేసే ఓపిక కూడా లేదు. ఆ వాసన తగిలినప్పుడల్లా రాములు చిన్నాన్న గుర్తొస్తాడు. నామీద నాకే విసుగొస్తుంది.

చిన్నాన్న చౌక్తడా పేటలో, నేనిప్పుడు పనిచేసే ఈ దొర ఇంట్లోనే బట్లరుగా ఉండేవాడు. మాకు చుట్టరికం లేదు, శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్లు, అంతే. రేవులో బస్తాలు మోస్తూ మా ఆయన పోయాక, నేను చిమిండైంగు పేటలో బియ్యం మిల్లుకి గోనెసంచులు కుడుతూ బతుకుతుంటే, తీసుకొచ్చి ఇక్కడ ఆయాగా పెట్టించాడు. ఆ ఏడే ఆయనకి విషజ్వరం వచ్చి, తగ్గాక ముక్కుకి వాసన తెలియకుండా పోయింది. విందులకి వైను ఎంచి తెచ్చే బట్లరుకి వాసన తెలియదంటే ఆ పూటే మూటాముల్లె సర్దుకోవాలి. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు.

"ఇకనించి నీ ముక్కే నా ముక్కు అమ్మీ."

దొరలు సరుకులు కొనే పెద్ద షాపుకి నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. తెల్ల వైను అంటూ ఆయన చూపించిన సీసా లేత పసుపుగా ఉంది.

"ఇదేటి సిన్నాన్నా, ఆముదంలాగుంది! తెల్లదని సెప్పి పాడైంది అంటగడతన్నారు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "తెల్లదొరలు మాత్రం తెల్లగున్నారేటి? ఎర్రగా లేరా?"

ఎండ తగిలే అద్దాల దగ్గర నిలబెట్టినవి ముట్టుకోవద్దన్నాడు. నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి లోపలికి గాలి దూరుతుందట. వెనక అరలో పడుకోబెట్టినవి అడగాలి. వెలుతురుకి ఎత్తితే తేటగా కనపడాలి, మెడదాకా నిండి ఉండాలి.

"పొద్దల్లా నిలబడే సీసా మనలాటిదే, ఎండిపోద్ది. ఇంత సూసి తెచ్చినా బిరడా తీసేదాకా నమ్మకం లేదు. తడిసిన గోనె వాసనొస్తే సెడిపోయినట్టే."

గోనె వాసన నాకు చెప్పాలా!

ఒక ఆదివారం మధ్యాహ్నం విందులో, చేపల కూరలోకి ఉన్న ఒకే ఒక్క సీసా వంటింట్లో తెరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు. గోనె. వానలో తడిసిన మిల్లు గోనె. లోపల అతిథులు బల్లముందు కూర్చునే ఉన్నారు. ఎంచి తెచ్చింది చిన్నాన్న కనక తిట్లు ఆయనకే పడతాయనుకున్నాను. అలసిపోయిన ఆ మొహం చూస్తే నోరు రాలేదు.

"బాగుంది సిన్నాన్నా."

దొర ఒక్క గుక్క తాగి, గ్లాసు ఆయన చేతికే ఇచ్చి వాసన చూడమన్నాడట. చిన్నాన్న నా మాట నమ్మి, బాగుందన్నాడు. అంతే, దొరకి సంగతంతా తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్నే పనిలోంచి తీసేశాడు.

ఆయన మూట కట్టుకుంటుంటే ఏడుస్తూ దగ్గరికి వెళ్లాను.

"నీకు వాసనొచ్చిందా?" అని అడిగాడు.

తలూపాను. ఆయన మూట ముడి బిగించాడు.

"సీసాలు సెడిపోతాయే అమ్మీ. సెడిందని సెప్తే దొర ఏటీ అనడు. సెడిందని తెలీనోణ్నే పొమ్మంటాడు."

గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేది! ఆ వారంలోనే ఓడెక్కి ఊరెళ్లిపోయాడు.

కొత్త బట్లరుకి ఇంకా వాసనలు పట్టుబడలేదు. బిరడా తీయగానే సీసా పట్టుకుని నా దగ్గరికే వస్తాడు. "ఏటంటావక్కా?" అంటాడు.

గోనె వాసనొస్తే గోనె అంటాను. ముందు మాత్రం కళ్లు మూసుకుంటాను. అతని మొహం చూడను.