తూర్పు చరియ నీడ

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? అమెరికాలో, ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్ళో గ్రహాల పటాలు గీసే ఆఫీసు పెట్టిన కొత్తల్లో, పింగాణీ పళ్ళేల మీద పువ్వులు వేసుకునే తను వచ్చి చేరి, చంద్రుడి మీది గుంటలకి ఏళ్ళ తరబడి నీడలద్దింది. ఇప్పుడు అంగారకుడి ఫొటోలొస్తే, అక్కడి పెద్ద అగ్నిపర్వతం, ఆ ఒలింపస్, ఎవరికిచ్చారు? డార్లీన్‌కి. సిరా చిమ్మే గాలిబ్రష్షు పట్టుకోవడం వెర్నాయే నేర్పిన, నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి. వెర్నా వాటాకి పటంలో పక్క కాగితం: కొండ తూర్పు అంచూ, అవతలి బయలూ.

"మీరు నా పక్కనే కదా వెర్నా గారూ, ధైర్యంగా ఉంది," అని డార్లీన్ నవ్వితే వెర్నాకి అదీ వెక్కిరింపులాగే వినపడింది. అందరూ కలిసి తినే బల్ల దగ్గరికి వెళ్ళడమే మానేసింది.

నిజానికి ఆ కొండ బోర్లించిన పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. నిట్టనిలువు చరియలన్నీ అంచులోనే. వాళ్ళ పటాల్లో వెలుగు ఎప్పుడూ పడమటి నుంచే పడాలి, కాబట్టి తూర్పు చరియకి నల్లటి నీడ. వెర్నా దాన్ని కసితీరా అద్దింది. ఫొటోలో చూస్తే ఒకచోట ఎప్పుడో పారిన లావా చరియని పూడ్చేసి ఏటవాలు చేసేసింది. వెర్నా అక్కడా చరియే వేసింది. ఇప్పుడు చూడండి ఎవరిది గొప్పో అనుకుంది.

కాగితాలు రెండూ పక్కపక్కన పెడితే అతకలేదు. పై అధికారి హల్స్, తప్పెవరిదని అడిగాడు.

"నాదే అయ్యుంటుందండీ," అంది డార్లీన్. "నాకు నేర్పింది ఆవిడ. ఆవిడ చెయ్యి తప్పదు."

అయితే కొండ కూడా వెర్నాయే మళ్ళీ వెయ్యాలన్నాడు హల్స్. డార్లీన్ తన కాగితం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

కోరుకున్నది చేతికొచ్చింది. వెర్నా ఫొటోలు ముందేసుకుని కూర్చుంది. ఎంత వెతికినా ఆ పిల్ల పనిలో వంక దొరకలేదు. తన చరియకి అతికించాలంటే కొండంతా అబద్ధం వెయ్యాలి. కాసేపు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత కరెంటుతో తిరిగే రబ్బరు తీసి, లేని చరియని చెరిపేసింది. రెండు కాగితాలూ కలిసిపోయాయి.

"తప్పు నాది. డార్లీన్ వేసిందే ఉంచండి," అని హల్స్‌కి చెప్పి వచ్చింది.

మర్నాడు డార్లీన్ ఇంట్లో చేసిన ఆపిల్ కేకు ముక్క తెచ్చిచ్చింది. వెర్నా తిన్నది. చాలా బాగుంది. దానికి కూడా కుళ్ళుకుంది.