రంగు మీద క్లిప్పు

ఆ చిన్న విమానాశ్రయంలో ఇంధనం నింపే పెద్దాయనను అందరూ క్లిప్పు మామ అనేవారు. గొట్టం ముట్టుకోకముందే ఇంధనం బండి తీగ చివరి క్లిప్పును విమానం మీది లోహపు బొడిపెకు తగిలించేవాడు. గొట్టంలో ఇంధనం పరుగెత్తితే కరెంటు పుడుతుందని, దానికి దారి చూపకపోతే నిప్పురవ్వ అవుతుందని కొత్తవాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

"మామా, అత్తకి కోపమొస్తే క్లిప్పు పెట్టాకే మాట్లాడతావా?" అని వాళ్ల వెక్కిరింపు.

ఒక రోజు క్లిప్పు జారింది. వంగి చూస్తే, తెల్లగా మెరవాల్సిన బొడిపె పచ్చగా ఉంది! తనిఖీకి ముందు శిక్షణ విమానాలకు రంగులేసిన ఆయన బావమరిది, అందం కోసం బొడిపెలనూ వదల్లేదు. రంగు కరెంటును పోనివ్వదు; దాని మీద క్లిప్పు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. నాలుగు రోజులుగా ఆ రంగు మీదే క్లిప్పు పెడుతున్నది మామే. కళ్లతో చూసి కాదు, అలవాటు కొద్దీ.

ఆయన తలెత్తి చూశాడు. మైదానం ఆ చివర రంగేసిన రెండో విమానానికి ఇంకో బండి డ్రైవరు అప్పుడే గొట్టం పెడుతున్నాడు. రెక్క పక్కనే శిక్షణకొచ్చిన అమ్మాయి నిలబడి ఉంది.

బండిలో రేడియో ఉంది. కానీ అందులో మాట్లాడితే మేనేజరుతో సహా అందరూ వింటారు. బావమరిదికి ఆ పని ఇప్పించడానికి ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డాడో ఆయనకే తెలుసు. అందుకే పరుగెత్తాడు. పది అడుగులు వేశాక సిగ్గేసింది. వెనక్కి తిరిగి రేడియో అందుకున్నాడు.

"ఆపండి! బొడిపె మీద రంగుంది. క్లిప్పు పనిచేయదు, గొట్టం ముట్టుకోవద్దు!"

ఆపారు. ఏమీ కాలేదు. సాయంత్రానికి బావమరిది ఉద్యోగం ఊడింది. చూడకుండా క్లిప్పు పెట్టినందుకు ఆయనకూ వారం పాటు పని లేదన్నారు.

ఇంట్లో భార్య కంచం ఠక్కున పెట్టింది. "ఏమీ కాలేదుగా! పరుగెత్తి వెళ్లి చెవిలో చెబితే నీ సొమ్మేం పోయేది? నా తమ్ముడి నోటి దగ్గర కూడు తీశావు."

"పరుగెత్తానే. పది అడుగులు వాడి కోసమే పరుగెత్తాను. ఆలోపే గొట్టం తెరిచి ఉంటే?"

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు. మేనేజరుకు అన్నీ చెప్పాడు గానీ, ఆ పది అడుగుల సంగతి మాత్రం చెప్పలేదు.